బాపు పారబోసిన ఇన్సులిన్

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘హ్యూమన్ ఇన్సులిన్’ అని ఉంది. నేను మందుల దుకాణం నుంచి తెచ్చి చేతిలో పెట్టగానే బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“హ్యూమన్ అంటె మనిషే గద? ఏ మనిషిది?”

బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లోని ఒక కార్ఖానాలో చిల్లుల కార్డులతో బట్ట మీద డిజైన్ నేసే జకార్డు మగ్గాలు నడిపేవాడు. నేనప్పుడు కాలేజీలో బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. షుగర్ మాత్రలకు తగ్గడం లేదు, ఇక సూది వేసుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. అంతకుముందే మా గల్లీలో ఒక పుకారు తిరిగింది. కడుపునొప్పికని ఆసుపత్రికి పోయిన ఎవరికో కిడ్నీ తీసేశారట. ఏ ఆసుపత్రి అంటే చెప్పగలిగినవాళ్లు లేరు. బాపు మాత్రం నమ్మాడు.

“మనిషి నుంచి తీసింది కాదు బాపూ. మన ఒంట్ల తయారయ్యేదాని లెక్కనే ఉంటది. ఫ్యాక్టరీల బ్యాక్టీరియాతోని చేయిస్తరు.”

“బ్యాక్టీరియా అంటె?”

“కంటికి కనపడని సూక్ష్మజీవులు.”

“పురుగులన్నట్టు,” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. బాగా చెప్పాననుకున్నాను. ఉన్న అనుమానానికి ఇంకొకటి జోడించానని తర్వాత గానీ తెలియలేదు.

తన సూది తనే వేసుకుంటానన్నాడు. రోజూ పొద్దున పరదా వెనక్కి, స్నానం చేసే మూలకు పోయేవాడు. సీసాలో మందు లెక్కప్రకారం తగ్గుతూనే ఉంది. ఒంట్లో షుగర్ మాత్రం దిగలేదు. డాక్టరు మోతాదు పెంచాడు. అయినా దిగలేదు.

మొదట నాకు మందు మీదే అనుమానం వచ్చింది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. సీసాను కొత్త కుండలో, తడిగుడ్డ చుట్టి పెట్టేవాళ్లం. ఎండకు చెడిపోయిందేమో అనుకున్నాను. తర్వాత దుకాణం మీద అనుమానం. నకిలీ సరుకు అంటగట్టాడేమోనని వేరే దుకాణంలో కొన్నాను. అమ్మయితే డాక్టరునే అనుమానించింది.

ఒకరోజు బాపు పనికి పోయాక పరదా వెనకాల గిన్నెలు కడుగుతుంటే, నీళ్లు పోయే మోరీ దగ్గర ఒక వాసన తగిలింది. ఇన్సులిన్‌కు ఒక ఘాటైన మందు వాసన ఉంటుంది. సీసా మూత దగ్గర ఎన్నోసార్లు చూసిన వాసనే. సీసాలో మందు ఎటు పోతోందో అర్థమైంది.

మర్నాడు పొద్దున పరదా ముందే కూర్చున్నాను.

“బాపూ, సూది ఏడ పొడుసుకుంటున్నవ్? జర చూపియ్యి.”

ఆయన అంగీ ఎత్తలేదు.

“పారబోస్తున్నవ్ గద?”

“పారబోస్తున్న. అయితె ఏంది? మనిషిది ఏందో తీసి పురుగుల పెట్టిన్రట. ఆ పురుగుల కడుపుల పుట్టినదాన్ని నా నెత్తుట్ల కలుపుకోవాల్నా?”

అమ్మ ఏడ్చింది. “నీ కాలు సూసుకున్నవా? నెల దాటింది, మానుతలేదు.” మగ్గం కింద ఇనుప ముక్క తగిలి బొటనవేలికి అయిన పుండు అప్పటికే నల్లబడుతోంది. నాకు ఇంకో భయం పట్టుకుంది. పెంచిన మోతాదును ఏ రోజైనా మనసు మార్చుకుని నిజంగా ఎక్కించుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాను. ఆయన తిట్టి, మళ్లీ పాత మోతాదే రాశాడు. కానీ బాపును ఒప్పించేదెవరు?

కాలేజీలో మాకు పాఠం చెప్పే మేడంతో చెబితే, “తీసుకురా, చూపిద్దాం” అంది. శనివారం కాలేజీ ల్యాబ్‌లో లైట్లు ఆర్పి, ఒక గాజు పళ్లెం మీద నీలం దీపం వేసింది. పళ్లెంలో చుక్కలు చుక్కలుగా పెరిగిన బ్యాక్టీరియా ఆకుపచ్చగా మెరిసింది. సముద్రంలో ఉండే జెల్లీఫిష్ జన్యువును వాటిలో పెడితే ఆ మెరుపు వచ్చిందని ఆమె హిందీలో చెప్పింది. ఇన్సులిన్ ఎట్లా తయారుచేయాలో చెప్పే మనిషి జన్యువును కూడా ఇట్లాగే పెడతారు. అవి ఇన్సులిన్ చేశాక వాటిని పగలగొట్టి, మందును మాత్రమే వేరుచేసి శుద్ధి చేస్తారు. బతికున్న బ్యాక్టీరియా సీసాలోకి రాదు.

బాపు పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూశాడు.

“మగ్గం గదే. కార్డు మార్చిన్రు, డిజైన్ మారింది. గంతేనా?” అన్నాడు నాతో.

అంతే అన్నాను. ఆయన మేడం వైపు తిరిగాడు. “డిజైన్ గలత్ ఆయా తో?” డిజైన్ తప్పుగా వస్తే ఎట్లా అని.

ప్రతి బ్యాచ్‌నూ పరీక్ష చేస్తారు, తేడా వస్తే మొత్తం పడేస్తారు అని చెప్పింది.

“హమారే యహాఁ భీ చెకింగ్‌వాలా హై. కభీ కభీ సో జాతా హై,” అన్నాడు బాపు. మా దగ్గరా చెకింగ్ మనిషి ఉన్నాడు, అప్పుడప్పుడు నిద్రపోతాడు అని.

మేడం నవ్వబోయి ఆగింది. పరీక్ష ఒక్కరి చేతిలో ఉండదు, చాలా దశల్లో జరుగుతుంది, చివరి పరీక్ష మీ రక్తమే చేస్తుంది అంది. రెండేళ్లుగా చదువుతున్న నాకు బాపు అడిగిన ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు.

షేర్ ఆటోలో ఇల్లు చేరాం. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ బాపు, “వారం సూస్త,” అన్నాడు.

పరదా వెనక్కి పోవడం మానేశాడు. నా ఎదురుగానే పొడుచుకునేవాడు. వేలికి గుచ్చి షుగర్ మిషన్‌లో చూసిన అంకెను తనే పెన్సిలుతో గోడ మీద రాసేవాడు. ఆ రాతను నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. మొదటి వారం పెద్దగా మారలేదు, అయినా ఆపలేదు. రెండో వారం అంకెలు దిగడం మొదలైంది. పుండు ఎండడానికి ఇంకా నెలన్నర పట్టింది. వేలు తీసేయాల్సి రాలేదు. పుండు కోసం మానుకున్న మగ్గం పనికి మళ్లీ పోయాడు.

“ఇప్పుడన్న నమ్మినవా?” అని ఒక పొద్దున అడిగాను.

“నమ్ముడేంది? సూస్తున్న,” అని బాపు సూదిని పొట్టకు ఆనించాడు.