బెల్టుకు పోసిన నీళ్లు

ఆయన పేరు అడగలేదు. అందరూ మెకానిక్ భాయ్ అనేవాళ్లు. మైదుకూరు దగ్గర నా లారీ ఇంజిన్ కీచుమని అరుస్తుంటే ఆయన షెడ్డు ముందు ఆపాను. వెనక టమోటా లోడు, పైన నిప్పులు చెరిగే ఎండ.

"నీళ్లుండాయా అప్పా?" అన్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తాగుతాడనుకొని సీసా ఇచ్చాను.

ఆయన వంగి, చెవి ఒగ్గి, తిరుగుతున్న ఫ్యాన్ బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించాడు. అరుపు ఇంకా పెరిగింది.

"బెల్టు శానా లూజుగా ఉండాది. తెగింటే ఇంజిన్ ఉడికిపోతాండె."

ఇంజిన్ ఆపించి బెల్టు బిగించాడు. స్టార్టు చేయించి మళ్లీ చిలకరించాడు. అరుపు లేదు.

మిగిలిన నీళ్లు తాగమన్నాను. మూత పెట్టి సీసా నా చేతికిచ్చాడు.

"నువ్వు తాగప్పా. నేను రోజా ఉండా, రంజాన్ ఉపాసం. పొద్దు గుంకల్ల."

ఇప్పటికీ బెల్టు కీచుమంటే నీళ్ల సీసా అందుకుంటాను. మూత తీసేలోపే ఆ ఎండిన పెదాలు గుర్తొస్తాయి.