గాలి సంచులు, ఎద్దు సుడి

తనకు తెలియనిది చాలా ఉందని మనిషికి తెలియాలంటే కొంత వయసు రావాలి. నాకింకా ఆ వయసు రాని రోజులవి. హోసూరులో ఒక కారు సామాన్ల అంగడిలో చేరి ఆరు నెలలైంది. సీటు కవర్లు తొడగడం, పాటల పెట్టె బిగించడం, అద్దాలకు నల్ల కాగితం అంటించడం (పోలీసులు ఆపితే దాన్ని పీకడం కూడా), ఇంతే నాకొచ్చిన విద్య. అయినా బాగలూరు పక్కన మా ఊళ్ళో అందరూ నన్ను ‘ఇంజినీరు’ అనేవాళ్ళు. వెక్కిరింతకే అన్నారు. నేను మాత్రం బిరుదు కింద జమ వేసుకున్నాను.

మా చిన్నాయనకు రెండు ప్రాణాలుండేవి. ఒకటి ఎవరో వాడి అమ్మిన పెద్ద కారు, రెండోది చంద్రుడు. చంద్రుడంటే నొసట తెల్లమచ్చ ఉన్న ఎర్రెద్దు. కృష్ణగిరి చుట్టుపక్కల జరిగే ఎద్దుల పండగల్లో పరుగెత్తించాలని దాన్ని దూడప్పటి నుంచీ సాకాడు. తెల్లవారగానే కెలవరపల్లి డ్యాం నీళ్ళలో ఈదించి, ఒళ్ళు తుడిచి, అది తిన్నాకే తను తినేవాడు. (“నన్ను పెండ్లి చేసుకునింది ఈ ఎద్దుకు ఉలవలు ఉడకేసేదానికే” అని చిన్నమ్మ గొణిగేది. ఉలవలు మాత్రం వేళకు ఉడికేవి.) ఆ ఏడు చంద్రుడికి మొదటి పరుగు.

అందరూ ఎద్దుల్ని టెంపోల్లో తోలుకుపోతారు. టెంపోలో నిలబడితే చంద్రుడి కాళ్ళు పట్టేస్తాయని చిన్నాయన ప్రత్యేకంగా ఒక ట్రైలర్ చేయించి కారు వెనక తగిలించాడు. ఎద్దు ఎక్కగానే కారు వెనకభాగం కూలబడింది, ముందుభాగం పైకి లేచింది. దీపాలు వేసి చూస్తే దారి కనబడలేదు గానీ టెంకాయ చెట్ల మట్టలు బాగా కనబడ్డాయి.

“ఇట్ల పోతే స్టీరింగు మాట వినదు చిన్నాయనా. వెనక స్ప్రింగుల్లో గాలి సంచులు పెట్టల్ల” అన్నాను. మా అంగడిలో ఎవరో పెడుతుంటే టీ తాగుతూ ఒకసారి చూశాను, అదే నా అనుభవం.

“నీకొస్తాదా అప్పా?”

“అదీ ఒక పనేనా చిన్నాయనా!”

పార్సిలొచ్చింది. రెండు రబ్బరు సంచులు, సన్నటి గొట్టాలు, మరలు, ఒక చిన్న పుస్తకం. పుస్తకాలు చదివి పని నేర్చుకునే రకం కాదు కదా నేను, దాన్ని అరుగు మీద పడేశాను. మా అవ్వ అందులోంచి రెండు పేజీలు చింపి, మూరెడు చామంతులు పొట్లం కట్టి ఎదురింటికి పంపింది. (ఆ పొట్లం వెనకే పరుగెత్తి ఉంటే నాకీ కథ రాసే అవసరం వచ్చేది కాదు.) సంచులకు కుంకుమ బొట్లు పెట్టి దండం కూడా పెట్టుకుంది.

జాకీ ఎత్తి, చక్రాలు విప్పి, సంచుల్లో గాలి తీసి నలిపి స్ప్రింగుల మధ్యలోకి తోశాను. ఒక్కో సంచీకి ఒక్కో గొట్టం, గాలి కొట్టడానికి రెంటినీ నంబరు ప్లేటు దాకా తేవాలి. ఎడమది బాగానే వచ్చింది. కుడిదాన్ని చూసుకోకుండా పొట్టిగా కోశాను. అది అందాలంటే దగ్గరి దారిలో, సైలెన్సర్‌ను ఆనుకుని పోవాలి. అలాగే పోనిచ్చాను. చెయ్యి పెట్టి చూశాను, సైలెన్సర్ చల్లగా ఉంది. బండి అప్పటికి రెండు రోజులుగా నిలిచే ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

చంద్రుణ్ణి ఎక్కించి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. కారు వెనకభాగం మెల్లగా లేచి సమంగా నిలబడింది. చిన్నాయన చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, “కారుకు ఊపిరి పోసినావప్పా ఇంజినీరూ!” అన్నాడు. వెక్కిరింత లేకుండా ఆ మాట వినడం నాకదే మొదలు. ఆ రోజంతా నేల మీద నడవలేదు.

పండగ రోజు పొద్దున్నే బయలుదేరి, శూలగిరి దాటి, కృష్ణగిరి అవతల మైదానం చేరాం. ఎద్దు కారు వెనక వచ్చిందని జనం దారిచ్చి మరీ చూశారు. చిన్నాయన మీసం మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే బండి కింద ‘బుస్’మని పెద్ద చప్పుడైంది. కారు కుడిపక్కకు వంగింది, దాంతో పాటు ట్రైలర్ కూడా వంగింది, చంద్రుడు బెదిరి రంకె వేసింది.

నేను కిందికి దూరి చూశాను. గొట్టం బెల్లంపాకంలా కరిగి సైలెన్సర్‌కు అంటుకుని ఉంది. ఒళ్ళంతా మసితో బయటికొచ్చేసరికి, ఎద్దుల సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పే పెద్దాయన ఒకాయన (అందరూ సుడుల తాత అంటారు) చంద్రుడి చుట్టూ తిరుగుతున్నాడు. మా పక్క సుడి చూడకుండా ఎద్దుని కొనరు.

“ఇదో చూడండప్పా, కుడి తొడ మీద సుడి. కారు యా పక్క వంగింది? అదే పక్క! ఇది ఎక్కిన బండి నిలవదు” అన్నాడు. జనం అవునవునన్నారు.

చిన్నాయన ఆయన మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు. “నీ పనిలో ఏమన్నా తప్పుండాదా అప్పా? ఉంటే చెప్పు, నేనేమీ అనను.”

అంతమంది చూస్తున్నారు. ఇంజినీరు బిరుదు నా మెడ మీదుంది.

“లేదు చిన్నాయనా. నేను చేసిందంతా సరిగ్గానే ఉండాది” అన్నాను.

చంద్రుడు ఆ రోజు పరుగెత్తలేదు. నా పనిలో తప్పు లేదంటే తప్పు సుడిదే అయింది. నెల తిరక్కముందే దాన్ని మాలూరు పక్క రైతొకాయన సేద్యానికి కొనుక్కుపోయాడు. పలుపు పట్టి వాకిట్లోకి తెస్తే, అది అలవాటు ప్రకారం పోయి ట్రైలర్ దగ్గర నిలబడింది, పండక్కి పోతున్నామనుకుని. చిన్నాయన ఇంట్లోంచి బయటికి రాలేదు. నేను వాకిట్లోనే ఉన్నాను, అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. గొట్టాన్ని ఎవరూ చూడకుండా మార్చేశాను. ఆ తర్వాత కారు మళ్ళీ వంగలేదు. “ఎద్దు పోయింది, కారు నిలబడింది” అని ఊరంతా సుడుల తాతను మెచ్చుకుంది. చిన్నాయన మరో ఎద్దుని తేలేదు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది. గాలి సంచులు పెట్టడంలో చెయ్యి తిరిగిందని పేరు కూడా వచ్చింది. పోయిన నెల చిన్నాయన ఊరికే వచ్చి, టీ గ్లాసు పట్టుకుని నా పని చూస్తూ కూర్చున్నాడు.

“ఏమప్పా, గొట్టం అంత చుట్టు తిప్పి కడతావు? ఈడ దగ్గరి దారుండాది కదా?”

“సైలెన్సర్ వేడికి కరిగిపోతాది చిన్నాయనా. కరిగితే బండి ఆ పక్కకే...”

నోరు మూసుకున్నాను గానీ ఆలస్యమైంది.

“యా పక్కకు?”

“కుడిపక్కకు.”

చిన్నాయన గ్లాసు కింద పెట్టాడు. ఆయన కొట్టి ఉంటే బాగుండేది.

“అప్పుడే చెప్పింటే నిన్ను రెండు తిట్టి వదిలేసుందును కదప్పా. ఇప్పుడు నాకు చెప్పినావు సరే. చంద్రుడికెవరు చెప్పల్ల?”

లేచి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. నేనా సాయంత్రం ఎందుకో కొత్త పార్సిల్లోని పుస్తకం తెరిచాను. గొట్టం సైలెన్సర్‌కు దూరంగా ఉండాలని రెండో పేజీలోనే ఉంది, చదువు రానివాళ్ళ కోసం బొమ్మ కూడా వేశారు. ఆనాటి ఇంజినీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ వెంటనే ట్రైలర్ పక్కన పోయి నిలబడిన చంద్రుడు కూడా గుర్తొచ్చింది.