నేతగాడి పాత డిస్కు

పాత కంప్యూటర్లు బాగుచేసే ఆమెను వీధిలో అందరూ డబ్బాలక్క అనేవారు. పనిచేసిన కంపెనీ మూతపడ్డాక ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. వాడకం పోయిన కేబుళ్లు, డిస్కులు గది నిండా పేర్చింది. కాలు పెట్టే చోటు లేదని చెల్లెలు సణిగినా ఒక్క తీగ పారేయలేదు.

ఒక ఉదయం నేతపని చేసే పెద్దాయన ఆటోలో కంప్యూటర్ వేసుకొచ్చాడు. మగ్గం మీద డిజైన్ పడేందుకు వాడే అట్టలకు చిల్లులు కొట్టే యంత్రం ఆ ఒక్క కంప్యూటర్ మాటే వింటుందట. మూడొందల పైచిలుకు డిజైన్లు అందులోనే ఉన్నాయి. రెండు రోజులుగా లోపలేదో టకటకలాడుతోందన్నాడు. ఆమె మూత విప్పి చెవి పెట్టింది. డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయి.

అదే కాలపు విండోస్ ఎక్కించి ఉంచిన డిస్కు ఒకటి తీసి, డిజైన్లు అందులోకి కాపీ చేద్దామని పాత డిస్కున్న పట్టీ కేబుల్‌కే రెండోదిగా తగిలించి స్విచ్ వేసింది. తెరమీద రెండిట్లో ఏదీ కనిపించలేదు. పెద్దాయన దగ్గరికొచ్చి తెరలోకి తొంగిచూశాడు.

"తప్పు నాదేనండీ. మీ డిస్కుకేం కాలేదు," అంది.

రెండు డిస్కుల్లో ఏది ముందో ఏది వెనకో తేల్చేది జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ తొడుగు. దాన్ని మార్చడం మరిచింది. నేనంటే నేను పెద్దనని రెండూ మొండికేశాయి. చిన్న పట్టకారుతో జంపర్ లాగి పక్క సూదులకు తొడిగాక దారికొచ్చాయి.

కాపీ మొదలైంది. మధ్యాహ్నం దాటాక, ఇంకా పదకొండు డిజైన్లుండగా, టకటక ఆగిపోయింది. ఆ డిస్కు మళ్లీ పలకలేదు. ఆమె దాన్ని ఊడదీసి, రెండోదాన్ని మొదటి స్థానంలోకి మార్చింది. దక్కినవాటికి ఇంకో కాపీ ఉండాలని బయట పెట్టే డిస్కును వెనక యూఎస్‌బీకి గుచ్చింది. ఆ పాత పోర్టు కరెంటు చాలకపోతే వేరే అడాప్టర్ పెట్టింది.

పెద్దాయన ఆగిపోయిన డిస్కును చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ పదకొండూ చనిపోయిన మా తమ్ముడు గీసినవమ్మా. వాటితో నేసిన బట్టలున్నాయి. పోగులు లెక్కపెడితే మళ్లీ గీయొచ్చు. నాకు కళ్లే ఆనడం లేదు."

"రేపు మీ ఇంటికి వస్తాను. నేను లెక్కపెడతా, మీరు గీయండి."

పన్నెండు రోజులు ముందుగదికి తాళం వేసి వెళ్లింది. భూతద్దం కింద పోగులు లెక్కపెడుతుంటే ఒకచోట వరసకో పోగు తక్కువొచ్చింది. సరిచేయమంటారా అని అడిగింది.

"వాడు లెక్క తప్పాడు. అలాగే ఉంచు," అన్నాడాయన.

పదకొండులో ఎనిమిది డిజైన్లు తిరిగి వచ్చాయి. మిగతా మూడింటి బట్టలు చివికి, పోగులు చేతికే ఊడొచ్చాయి. వాటి మీద ఆశ వదిలేశారు.