వదిన చూసింది

ఆఫీసులో ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను వదినా అనే పిలిచేవారు. ఆ పుణ్యమంతా మరిదిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడు నిక్కర్ల పిల్లాడు. చదువు చెప్పి, నలుగురినీ బతిమాలి, తన పక్క సీట్లోనే ఉద్యోగం వేయించింది. చేరిన రోజే వాడు అందరి ముందూ "వదినా, చార్జర్ ఉందా?" అన్నాడు. ఇంకేముంది, ఆఫీసంతటికీ వదినైపోయింది.

లిఫ్టు తయారుచేసే ముందు కంప్యూటర్లో దాని నమూనా రాయడం వాళ్ల పని. మోటారు, తాడు, బ్రేకు ఎలా పనిచేస్తాయో సమీకరణాల్లో రాస్తే కంపైలర్ అనే ప్రోగ్రాము చదివి, అనుమానం వచ్చినచోటల్లా పసుపురంగు హెచ్చరిక పెడుతుంది. దానికి అనుమానం రానిదెక్కడ! చాలావరకు ఉత్త సణుగుడే. అలాంటప్పుడు ఆ వాక్యం పక్కన అనోటేషన్ అని చిన్న ముక్క రాస్తే నోరు మూసుకుంటుంది. కాకపోతే, ఎవరు చూసి పర్వాలేదన్నారో అందులోనే రాయాలని ఆఫీసు కట్టుబాటు. వదిన తిండి మానేసైనా తేల్చుకున్నాకే తన పేరు రాసేది. ఆమె చూసిందంటే ఇంకెవరూ చూసేవారు కాదు.

ఒక ఆసుపత్రి లిఫ్టు బ్రేకు మరిదికి అప్పగించారు. "పసుపు ఒక్కటీ లేదు వదినా" అని వాడు తెర చూపిస్తే ఆమె కడుపు నిండిపోయింది. ఇంటికెళ్లి మొగుడికి గొప్పగా చెప్పుకుంది కూడా.

నిజం లిఫ్టును పరీక్షించిన రోజు, ఎక్కించి దించి, ఎక్కించి దించి బ్రేకు కాగిపోయి జారింది. మెకానిక్ కాలు విరిగింది.

మేనేజరు ఇద్దరినీ గదిలోకి పిలిచి నమూనా తెరిచాడు. బ్రేకు మొదట ఎంత వేడిగా ఉందో నమూనాలో చెప్పలేదు, సున్నా డిగ్రీలనుకుని లెక్క కడుతున్నానని కంపైలర్ మొత్తుకుంది. దాని నోరు మూయించిన ముక్కలో "వదిన చూసింది" అని ఉంది.

"మీరు చూశారా వదినా?" అన్నాడు మేనేజరు.

ఆమె మరిది వైపు తిరిగింది. తనే చెబుతాడని ఆగింది. వాడు నేల చూపులు చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. అన్నేళ్లు అన్నం పెట్టిన చేతిని కరిచినట్టే అనిపించింది ఆమెకు.

"చూడలేదు" అంది.

బయటికొచ్చాక వరండాలో వాడు వెనకే వచ్చాడు. క్షమించమంటాడనుకుంది.

"పక్క సీట్లోనే ఉన్నావుగా వదినా. అందరివీ చూస్తావు. నాది ఒక్కసారి చూడాల్సింది కదా?"

"నీది కాబట్టే చూడలేదురా" అంది వదిన.