తెల్లచొక్కాల బొంత

మండపేటలో చర్చి వెనక సందులో హెలెన్ కుట్టిన బొంత లేని ఇల్లు లేదు. పాత నూలు చీరలు వరసమీద వరస పరిచి, అంచులు లోపలికి మడిచి, బొంత సూదితో ఈ చివర నుంచి ఆ చివరకు దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ పోయేది. ఆ సందులో పుట్టిన పిల్లలు చాలామంది ఆమె బొంతల మీదే బోర్లాపడ్డారు. చేతిపని మెత్తన గానీ మనిషి మెత్తన కాదు. కూరలమ్మే ఆమెతోనైనా సరే, చర్చి స్త్రీల సమాజంలో పాట ఎవరెత్తుకోవాలన్న దగ్గరైనా సరే, ఒక మాట పడి ఊరుకున్న మనిషి కాదు.

ఆమె భర్త జయపాల్ రైస్ మిల్లులో సూపర్‌వైజరు. తెల్లారేసరికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వెళ్తే మళ్ళీ రాత్రి అన్నానికే రావడం. కూతురు తబిత పెళ్ళయి పిఠాపురంలో ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో పెద్ద తగాదా రాలేదంటే అది అన్యోన్యత వల్ల కాదు, మొగుడూ పెళ్ళాలు పగటిపూట ఒకరి కంట ఒకరు పడకపోవడం వల్ల. ఆ సంగతి లాక్‌డౌన్ వచ్చాక గానీ హెలెన్‌కు తెలిసిరాలేదు.

షుగరున్నవాళ్ళెవరూ రావద్దని, పరిస్థితి చక్కబడ్డాక తనే కబురు చేస్తానని మిల్లు ఓనరు యుగంధర్ ఫోన్‌లో చెప్పాడు. మిల్లు మాత్రం ఆగలేదు. మెయిన్ రోడ్డు మీద లారీలు వెళ్తుంటే జయపాల్ వరండాలో కూర్చుని చెవులప్పగించి వినేవాడు. అలా కొన్నాళ్ళు విన్నాక లేచి, ఇంటిమీద పడ్డాడు.

వంటింట్లో ఆమె వెనకే నిలబడి పోపులో అంత నూనె ఎందుకనేవాడు. గంజి వార్చే పద్ధతి తప్పనేవాడు. టీపొడి డబ్బా తీసి ఎక్కడో పెట్టి, అడిగితే గానీ ఇచ్చేవాడు కాదు. మిల్లులో హమాలీల మీద అరిచే గొంతుతోనే ఇంట్లోనూ మాట్లాడేవాడు. హెలెన్ గిన్నెలు గట్టిగా పెట్టడం నేర్చుకుంది. ఒకరోజు ఆమె నిద్రలేచి పెరట్లోకి వెళ్ళేసరికి బీరపాదు వాడి వేలాడుతోంది. పిందె పట్టిన పాదు. పెంకుల మీదికి చీమలొస్తున్నాయని మొదలు కోసేశానని, రేపు వంగమొక్కలు కూడా పీకి వరసలో పెట్టిస్తానని జయపాల్ చెప్పాడు. ఆమె ఆ తీగను పందిరి మీంచి లాగి, తీసుకొచ్చి ఆయన కూర్చునే కుర్చీలో పడేసింది.

అంతకన్నా పెద్దది తర్వాత జరిగింది.

పక్కింటి బుల్లెమ్మ తల్లి సంపూర్ణమ్మ ఆ సంక్రాంతి వెళ్ళాక మంచంలోనే పోయింది. తన కూతురికి నెలలు నిండుతున్నాయని, పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టమని తల్లి చీరలు గోనెసంచిలో వేసి బుల్లెమ్మ హెలెన్‌కిచ్చింది. ఆ సంచి వరండాలో బల్ల కింద ఉండేది. లాక్‌డౌన్‌లో సందు చివరింట్లో ఒకరికి పాజిటివ్ వచ్చిందని వార్డు వాలంటీరు వచ్చి చెప్పి, బ్లీచింగ్ చల్లించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున హెలెన్ కూరగాయల లైన్లో నిలబడి తిరిగొచ్చేసరికి పెరట్లోంచి పొగ వస్తోంది. జయపాల్ మూతికి తువ్వాలు కట్టుకుని కర్రతో మంట కుళ్ళగిస్తున్నాడు. మంట అంచున కాలకుండా మిగిలిన నీలం చీర కొంగు చూసి ఆమె సంగతి గ్రహించింది.

"ఎవరివనుకున్నారు అవి?"

"ఎవరివైతే ఏంటి? ఊరందరి గుడ్డలూ తెచ్చి ఇంట్లో పెట్టావు. నాకు షుగరు. అంటుకుంటే మోసుకెళ్ళడానిక్కూడా ఎవడూ రాడు. బతికుంటే చీరలు మళ్ళీ కొనుక్కోవచ్చు."

"సంపూర్ణమ్మ కట్టిన చీరలు ఏ షాపులో కొంటారండి?"

ఆయన కర్రతో మంట ఎగదోశాడు. వెళ్ళి బుల్లెమ్మతో మీరే చెప్పండి అంది హెలెన్. ఎలుకలు కొట్టేశాయని చెప్పమన్నాడు. ఆమె రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వెళ్ళి, బుల్లెమ్మను పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నీ చేతికిచ్చాను వదినా," అంది. "అన్నయ్యగారికి కాదు." లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు నుంచి గోడకవతల పలకరింపు లేదు. జయపాల్ చచ్చినవాళ్ళ గుడ్డలు కాలుస్తాడని సందంతా చెప్పుకున్నారు. హెలెన్ బయటికొస్తే మాస్కుల వెనక మూతులు తిప్పుకోవడం కళ్ళలోనే కనబడేది.

హెలెన్ పెరట్లో మూడు ఇటుకలు పెట్టుకుంది. కొబ్బరి కమ్మలు విరిచి మంట పెట్టి, ఒక చిన్న గిన్నెలో తనొక్కదానికే అన్నం వండుకుంది. గ్యాసు పొయ్యి, వంటిల్లు, టీపొడి డబ్బా అన్నీ మీవేనని భర్తకు చెప్పింది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత బ్రెడ్డు తిన్నాడు. తర్వాత అన్నం మాడ్చాడు. ఒకరోజు ఆమె చింతచిగురు దూసుకొచ్చి ఎండు మెత్తళ్ళ చేపలతో కూర వండింది. ఆ వాసన హాల్లోకి వెళ్ళాలనే గాలి చూసుకుని మరీ పొయ్యి జరిపింది. ఆయన కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆమె ఆయన చూస్తుండగానే, మెల్లగా, గిన్నె అడుగంటా ఊడ్చుకు తింది. అంత రుచిగా తను ఎన్నడూ వండలేదనిపించింది.

అయినా ఆమె కోపం తీరలేదు. బుల్లెమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టిందని కూరలావిడ ద్వారా తెలిసిన రోజు, హెలెన్ బీరువా తెరిచి జయపాల్ తెల్లచొక్కాలు బయటికి తీసింది. వరండాలో ఆయన ఎదురుగానే కూర్చుని, కాలర్లు కోసేసి, చేతుల కుట్లు విప్పి, పరవడం మొదలుపెట్టింది. ఆయన కింద పడ్డ కాలరొకటి చేతిలోకి తీసుకున్నాడు.

"చర్చికి ఏం వేసుకోను?"

"చర్చి మూసేశారుగా. మిల్లుకంటారా, ఎలాగూ పిలవట్లేదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మిల్లులో తన కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెట్టారని ఆయనకు ఎవరో అప్పటికే చెప్పారు. ఆమెకూ తెలుసు. ఆయన లేచి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. హెలెన్ సూది ఆపలేదు.

బొంత బాగా వచ్చింది. ఉతికి, ఎండలో ఆరేసి, మడిచి గోడ మీంచి అందించింది. బుల్లెమ్మ వేళ్ళతో నలిపి చూసి ఎవరి గుడ్డలని అడిగింది. ఆయన చొక్కాలని హెలెన్ చెప్పింది. బుల్లెమ్మ తల ఊపి పట్టుకెళ్ళింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఆ బొంత బుల్లెమ్మ గుమ్మం ముందు పరిచి ఉంది. వచ్చేపోయేవాళ్ళు దానికి కాళ్ళు తుడుచుకుంటున్నారు.

హెలెన్ కుట్టును అంతవరకు ఎవరూ తొక్కలేదు. వెళ్ళి లాక్కొద్దామని రెండడుగులు వేసి, వరండాలో జయపాల్ కూడా అటే చూస్తున్నాడని గమనించి ఆగిపోయింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, బనీనుతోనే సందులోకి దిగాడు. బుల్లెమ్మ గుమ్మం ముందు, బొంత తొక్కకుండా పక్కన నిలబడి, చీరలు నేనే కాల్చానమ్మా, భయంతో కాల్చాను, నా ఇంటిదానికి తెలియదు అన్నాడు.

"తెలుసండి," అంది బుల్లెమ్మ. "అప్పుడే వచ్చి చెప్పాల్సింది."

బొంత మాత్రం తియ్యలేదు. వానాకాలం అంతా అది ఆ గుమ్మంలోనే నాని, మురికిపట్టి, చివికిపోయింది.

మిల్లు నుంచి కబురు రాలేదు. మరుసటేడు రెండోసారి రోగం విరుచుకుపడ్డప్పుడు ఇద్దరికీ జ్వరం వచ్చింది. లేవగలిగినవాళ్ళు లేచి జావ కాచారు. ఒకసారి ఆయన కాచాడు, ఎక్కువసార్లు ఆమె కాచింది. గ్లాసు మంచం పక్కన పెట్టి ఒక మాటైనా లేకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరి దగ్గు ఆగితే రెండోవాళ్ళు లేచి ఊపిరి ఆడుతోందో లేదో చూసేవాళ్ళు. బుల్లెమ్మ ఆ రోజుల్లో గోడ మీద టిఫిన్ క్యారియర్ పెట్టేది గానీ, కేకేసి చెప్పేది కాదు. కాకులు మూత తన్నిన చప్పుడైతేనే తెలిసేది.

ఇద్దరూ బతికి బట్టకట్టారు. జయపాల్ ఇప్పుడు ఆలమూరు రోడ్డులో ఎరువుల కొట్లో కూర్చుంటున్నాడు. పొద్దున తన టీ తనే పెట్టుకుంటాడు, ఉప్మా కూడా చేస్తాడు. హెలెన్ పెరట్లోనే వండుకుంటుంది. ఇటుకల చోట మట్టిపొయ్యి వేయించుకుంది. పైన రేకు కప్పించింది, అది కూడా ఆయన చేతే. ఇంకా ఎందుకమ్మా ఈ రెండు వంటలు, అని పండక్కి వచ్చిన తబిత అడిగింది.

"ఆ వంటింట్లోకి వెళ్తే ఆయన నా వెనకే నిలబడ్డట్టుంటుందే," అంది హెలెన్, వంకాయలు తరుగుతూ. "ఇక్కడైతే నాకు తిన్నది ఒంటబడుతుంది."

లోపల జయపాల్ ఆ మాట విన్నాడు. వంటింట్లోంచి, ఉప్పు ఎక్కడ పెట్టావని, పొద్దున అక్కడ సర్దిన కూతుర్ని అడిగాడు.