అద్దాల లంగాకు స్టీలు బిందె

ముప్పై ఏళ్లుగా ఒక స్టీలు బిందె నా గుండెల మీద ఉంది. నెత్తిన మోసే బిందెనైతే ఇంటికి రాగానే దించుతాం. ఇది దిగలేదు. మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకుని రెండేళ్లయింది. నోటితో చెప్పలేనిది రాయగలనేమో చూస్తున్నాను. నా పేరు మాత్రం రాయను.

మాది శింగనమల పక్క సుగాలీ తండా. అమ్మను యాడి అనేవాళ్లం. యాడి పెట్టెలో ఎర్ర ఫేటియా ఉండేది. పెళ్లికి ముందు మూడేళ్లు కూర్చుని, నిండా అద్దాలూ గవ్వలూ పొదిగి ఆమె కుట్టుకున్న లంగా. "నేను పోతే దీన్ని నామీద కప్పి పంపండి" అనేది. ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే.

ఒకరోజు పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాడు తండాకు వచ్చాడు. నా నైలాన్ చీరలు పక్కకు నెట్టేశాడు. అద్దాల లంగా ఉంటే పెద్ద బిందె ఇస్తానన్నాడు. యాడి, మా అన్న భార్య కూలికి పోయారు. పెట్టె తెరిచాను. వెనకాడానా? లేదు. నాకు ఇప్పటికీ భయం కలిగించేది అదే. బస్సులో మా బట్టలు చూసి నవ్వుతారని నేను అప్పటికే చీరకు మారాను. ఆ ఫేటియా పోతే మా ఇంటిని చూసి నవ్వే నవ్వు కూడా పోతుందనుకున్నానా, లేక బిందె మెరుపుకే ఆశపడ్డానా? తెలియదు.

రాలిన జుట్టు, పాతచీరలు ఇచ్చి ఆ బిందె తీసుకున్నానని ఇంట్లో చెప్పాను. కొన్నాళ్లకు యాడి పెట్టె తెరిచింది. నేరుగా వదిన మీదికి పోయింది.

"యాడ పెట్టినావే? పుట్టింటికి మోసినావా?"

"నా బిడ్డమీద ఒట్టు అత్తా, నేను పెట్టె ముట్టలేదు."

"అయితే దానికి కాళ్లొచ్చి నడిచిపాయనా?"

వదిన నావైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పుమ్మే."

"నాకేం తెల్సు" అన్నాను.

ఆ తర్వాత యాడి చచ్చేదాకా వదిన చేతి ముద్ద తినలేదు. నా బిందెలో నీళ్లే తాగింది. ఇంకో ఫేటియా మొదలుపెట్టింది గానీ కళ్లు కనపడలేదు. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. నా చేతులతోనే. అరచేయంత కుట్టి ఆపేసింది.

ఆమె పోయినరోజు ఆ బిందె నీళ్లతోనే స్నానం చేయించాం. కప్పడానికి ఏమీ లేదు. అప్పుడు వదిన లోపలికి పోయి తన పెళ్లి ఫేటియా తెచ్చింది. తండాలో మిగిలిన ఆఖరుది. యాడి మీద కప్పి, చెవి దగ్గర వంగి అన్నది:

"ఇప్పుడన్నా నమ్ము అత్తా."

నేను ఆపలేదు. మర్నాడు బూడిదలో ఎముకలతో పాటు పగిలిన అద్దాలు కూడా ఏరాల్సి వచ్చిందని అన్న చెప్పాడు.

ఇప్పుడు మా తండాలో కుట్టేవాళ్లు లేరు. పెళ్లి ఫొటోల కోసం మెరుపుకాగితాలు అంటించిన లంగాలు అనంతపురం నుంచి బాడుగకు తెస్తారు. యాడి కుట్టిన అరచేతి ముక్క నా దగ్గరే ఉంది. ఆ కుట్టు ఎలా వేయాలో నాకు రాదు. నేర్పుతానన్నప్పుడు నేనే వద్దన్నాను.

ఇందాక వదిన వచ్చి పక్కన కూర్చుంది. "ఏం రాస్తాండావుమ్మే అంతసేపు?"

"ఏం లేదు వదినా."

ఆమెకు చదవడం రాదు. అది తెలిసే ఆమె ఎదుట రాస్తున్నాను. ఇంతకన్నా ధైర్యం నాకు లేదు. అయినా మీరు చదివారు. నాకు కాక ఇంకొకరికి తెలిసింది.

ఫేటియా తీసింది నేను. వదిన కాదు.