బ్రాందీ గుడారానికి కంపదడి

మనవరాండ్లు ఎంత పిలిచినా నేను గంగమ్మ పరసకు, అదే జాతరకు, పోను. వాళ్లు పుట్టక ముందు, మద్యనిషేధం ఎత్తేశాక మా ఊళ్లో జరిగిన మొదటి పరసతోనే నాకు ఆ ముచ్చట తీరిపోయింది.

ఆ ఏడు వానల్లేక వేరుశెనగ కాయ పట్టలేదు. చందాలు రాలేదు. బ్రాందీ అంగడాయన ఒకడు వచ్చి, పరసలో తన గుడారం వేసుకోనిస్తే మేళాలకూ దీపాలకూ తానే ఖర్చు పెట్టుకుంటానన్నాడు. ఊరి పెద్ద సరేనన్నాడు. గంగమ్మను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

దానికి పోలీసుల అనుమతి కావాలి. ఎస్సై జీపులో వచ్చి స్థలం చూశాడు. గుడి ముందు పేడనీళ్లు చల్లుతూ నేను అంతా విన్నాను. గుడారం గుడికి దూరంగా ఉండాలి. చుట్టూ వెదురుగడలు నాటి తాడు కట్టాలి. లోపలికి ఒక దారి, బయటికి ఇంకొక దారి, రెండూ బండి పట్టేంత వెడల్పుండాలి. పొద్దుగూకేలోపల మూసెయ్యాలి. ఇవన్నీ ఉంటేనే పరస అని చెప్పి, మజ్జిగ తాగి పోయాడు.

వెదురుగడలు ఉరవకొండలో బాడుగకు దొరుకుతాయి. ఊరి పెద్ద ఉరవకొండకు పోలేదు, మా ఇంటికి వచ్చాడు. మా ఆయన గొర్రెలు కాసేవాడు. జాలిచెట్టు ముళ్లకంపతో ఆయన కట్టిన దొడ్డిలోకి నక్క కూడా దూరదని చుట్టుపక్కల పేరు.

"ఏమప్పా, గడలకు బాడుగ దండగ. కంప యాడ చూసినా పడుండాది. నువ్వు దడి కట్టేయ్" అన్నాడు పెద్ద, అరుగు మీద కూచుని.

"మనుషులకు కంపదడి యేందన్నా? గొర్రెలా వాళ్లు?"

"తాగినాక అంతకన్నా తక్కువేలే."

"మరి రెండు దారులు పెట్టమన్నాడు గదా ఎస్సై?"

"ఒగటి చాలు. రెండుంటే తాగినోడు దుడ్లియ్యకుండా జారుకుంటాడని అంగడాయన అంటాండాడు."

"ఆ బాడుగేందో అంగడాయన్నే పెట్టుకోమను" అన్నాను నేను లోపలి నుంచే.

"ఆడోళ్లకెందుకమ్మా ఈ పంచాయితీ?"

నేనూ పొదుపు మనిషినే. పులుసు పిండిన చింతపిప్పిని కూడా పారెయ్యను, దాంతో చెంబులు తోముతాను. కానీ మిగుల్చుకునే చోటు ఒకటుంటుంది, మిగుల్చుకోకూడని చోటు ఒకటుంటుంది.

మా గొర్రెలు మేసేది ఆ ఊరి పెద్దకున్న బీళ్లలోనే. అందుకని మా ఆయన కాదనలేక కట్టాడు. తనకు తెలిసినట్టే కట్టాడు: ఛాతీ ఎత్తు దడి, ఒక్కొక్కరే దూరేంత సందు ఒకటి. గొర్రెలను ఒక్కొక్కటిగా చూసి లోపలికి వదలడానికి దొడ్డికి అట్లాంటి సందే పెడతారు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్లు దాన్ని చూశారు. నీడ వెతుక్కుంటూ పోయారు.

పరస రెండో రోజు మధ్యాహ్నం గుడారంలో రెండు ఊళ్ల వాళ్లు కొట్టుకున్నారు. కానిస్టేబుళ్లు ఈలలు ఊదుతూ, లాఠీలు ఎత్తి ఆ ఒక్క సందులోంచే లోపలికి దూరారు. లోపలివాళ్లు దారి లేక దడి మీద పడ్డారు. వెనకవాళ్లు ముందువాళ్లను ముళ్లలోకి తోశారు. అరుపులు గుడి దాకా వినిపించాయి. మా ఆయన కంప ఎత్తే పంగకట్టె పట్టుకుని పరుగెత్తి, వెనకవైపు కంప లాగిపారేశాడు. అందరూ ఆ దారినే బయటపడ్డారు. ఆయన అరచేతులు చీరుకుపోయాయి. ఒక పిల్లగాడికి కన్ను పోయింది.

ఎస్సై వచ్చి అడిగింది ఒకటే. "ఈ కంప కట్టిందెవరు?"

"ఈయనే సార్" అన్నాడు పెద్ద.

"చెప్పన్నా, నువ్వే గదా కట్టమనింది" అన్నాడు మా ఆయన.

"దడి కట్టమన్న్యా గానీ, కంపతో కట్టమన్న్యానా?"

నేను ముందుకు పోయాను. "మా అరుగు మీద కూచోని చెప్పినాడు సారూ. నా చెవులారా విన్న్యా."

"పెండ్లాం మాట సాక్ష్యం గాదులేమ్మా" అన్నాడు ఎస్సై.

రెండో దారి ఏమైందని ఎస్సై అడగలేదు. తన కానిస్టేబుళ్లనూ అడగలేదు. పక్కనే అంగడాయన మిగిలిన సీసాలు బండికెత్తిస్తున్నాడు. మా ఆయనను జీపెక్కించారు.

బెయిలు మీద వచ్చాడు గానీ కేసు ఏళ్ల తరబడి సాగింది. వాయిదా రోజున గొర్రెలు దొడ్లోనే ఆకలికి అరిచేవి. వకీలు కోసం ఒకటొకటిగా అమ్మాం. కట్టమన్నది తానేనని కోర్టులో ఒక్క మాట చెప్పమని పెద్ద చుట్టూ మా ఆయన తిరిగినప్పుడల్లా "చూస్తాంలేప్పా" అనేవాడు పెద్ద. చివరికి సాక్షులెవరూ రాలేదని కోర్టు కేసు కొట్టేసింది.

ఆ రోజు మేం బస్సు దిగేసరికి పెద్ద టీ అంగడి ముందున్నాడు.

"చూస్తివా? మేము సాక్ష్యానికి రాకపోబట్టే గదా నువ్వు బయటపడింది. ఊరోళ్లను నమ్ముకుంటే ఊరికే పోతాదా?" అన్నాడు నవ్వుతూ.

మా ఆయన చేతులు జోడించాడు. నేను ఆ చేతులు పట్టి కిందికి దించాను.

"పదయ్యా ఇంటికి" అన్నాను.

గొర్రెలు లేవు కదా. మరుసటి సోమవారం మా ఆయన ఆ పెద్దాయన చేలోకే కూలికి పోయాడు. సద్ది నేనే కట్టిచ్చాను.